ఉప్పు గాలి, పోత ఇనుము, బ్రేకు

టెక్కలి నుంచి నౌపడ మీదుగా భావనపాడు వైపు వెళ్ళే దారిలో ఉప్పు మళ్ళు చూడనివాళ్ళు మన కాలేజీలో తక్కువే. బండి ఆపుతాం, తెల్లటి కుప్పల ముందు ఫోటో దిగుతాం, వచ్చేస్తాం. ఈసారి వెళ్ళినప్పుడు అక్కడ ఆగి ఉన్న ఏదైనా పాత కారు ముందు చక్రం సందుల్లోంచి లోపలికి చూడండి. గుండ్రంగా ఒక ఇనప పళ్ళెం కనిపిస్తుంది. అదే బ్రేక్ డిస్క్. మధ్యలో మెరుస్తూ ఉన్నా అంచుల్లో, నడిమి గిన్నె భాగంలో ఇటుక రంగు తుప్పు ఉంటుంది. ఆ ఉప్పు కుప్పలకీ ఈ తుప్పుకీ చుట్టరికం ఉంది.

సీఎస్ఈ వాడికి కార్లతో ఏం పని అని అడగొచ్చు. ఉద్దానం ఊళ్ళల్లో చాలా ఇళ్ళల్లో ఒక మావయ్యో బాబాయో అన్నయ్యో బయట ఉంటారు. గల్ఫ్‌లో వెల్డరుగా, ఓడలో, హైదరాబాద్‌లో, ఎక్కడో ఒకచోట. సంపాదించి కారు కొంటారు. కారు మాత్రం ఇక్కడే కొబ్బరి చెట్ల కింద రేకుల షెడ్డులో కవరు కప్పుకుని పది నెలలు నిలబడుతుంది. సంక్రాంతికి మనిషి వస్తాడు, బ్యాటరీకి ఛార్జింగ్ పెట్టిస్తాడు, టైర్లలో గాలి కొట్టిస్తాడు, ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని నేరుగా హైవే ఎక్కేస్తాడు. బ్రేకుని ఎవరూ చూడరు. అది తొక్కితే పడుతుందనే నమ్మకం. ఆ నమ్మకం ఎంతవరకు చెల్లుతుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు ఒక మాట ముచ్చట. ఇంగ్లీష్ మీడియంలో చదివిన నాకు రస్ట్ అన్నా కరోషన్ అన్నా ఒకటే. మన ఇళ్ళల్లో మాత్రం ఇనుముకి పట్టేది తుప్పు, ఇత్తడికీ రాగికీ పట్టేది కిలుము. పేర్లు వేరు పెట్టడంలో సైన్స్ కూడా ఉంది. రాగి మీద కిలుము గట్టిగా అతుక్కుని కింది లోహాన్ని కొంతవరకు కాపాడుతుంది. తుప్పు అలా కాదు. తినే ఇనుము కంటే ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, పొంగుతుంది, పొరలుగా ఊడిపోతుంది, కింద ఉన్న కొత్త ఇనుముని మళ్ళీ గాలికి అప్పగిస్తుంది. ఎగ్జిట్ కండిషన్ లేని లూప్ అన్నమాట.

ఫస్ట్ ఇయర్ కెమిస్ట్రీలో కరోషన్ యూనిట్ ఉంటుంది కదా, పరీక్షకి ముందు రోజు రాత్రి చదివి మర్చిపోయినది. దాన్ని ఒకసారి తవ్వుదాం. తుప్పు పట్టాలంటే ఇనుము, ఆక్సిజన్, నీళ్ళు మూడూ కావాలి. ఇనుము మీద ఒకచోట ఇనుము ఎలక్ట్రాన్లు వదిలి నీళ్ళలోకి దిగుతుంది. ఇంకోచోట ఆ ఎలక్ట్రాన్లని తీసుకుని ఆక్సిజన్, నీళ్ళు కలిసి హైడ్రాక్సైడ్ అవుతాయి. రెండూ కలిస్తే తుప్పు. ఈ రెండు చోట్ల మధ్య నీటిలో కరెంటు నడవాలి. మంచినీళ్ళలో అది మెల్లగా నడుస్తుంది, ఉప్పునీళ్ళలో పరిగెడుతుంది. పైగా ఉప్పులో ఉన్న క్లోరైడ్, ఇనుము మీద ఏర్పడే పల్చటి రక్షణ పొరని కూడా చిల్లులు పొడుస్తుంది.

ఇక్కడ అసలు విషయం ఇంకొకటి ఉంది. వానే పడలేదు, కారు షెడ్డులోనే ఉంది, మరి నీళ్ళెక్కడివి అంటారు. మన వంటింట్లో ఉప్పు జాడీని గుర్తు చేసుకోండి. శ్రావణ మాసంలో కళ్ళుప్పు చెమ్మగిల్లి అడుగున నీరు చేరుతుంది. ఎవరూ నీళ్ళు పొయ్యలేదు, అది గాలిలోంచే తాగింది. శుద్ధమైన సోడియం క్లోరైడ్, గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే తనంతట తానే కరిగి నీరవుతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది. దానికి 33 శాతం తేమ చాలు. మన తీరంలో తెల్లవారుజామున తేమ 75 కన్నా కింద ఉండే రోజులు ఏడాదిలో ఎన్ని? కెరటాలు విరిగినప్పుడు లేచే సన్నటి తుంపర గాలితో లోపలికి వచ్చి డిస్క్ మీద ఉప్పు దుమ్ములా వాలుతుంది. ఆ దుమ్ము తేమని పీల్చి ఇనుముని తడిగా ఉంచుతుంది. హైదరాబాద్‌లో వాన వెలిసి ఎండ కాస్తే డిస్క్ ఆరిపోతుంది. బారువలోనో మూలపేటలోనో ఎండ కాసినా అది పూర్తిగా ఆరదు. తేడా అంతా అక్కడే.

సముద్రానికి దూరం పెరిగేకొద్దీ గాలిలో ఉప్పు త్వరగా తగ్గిపోతుంది. భావనపాడులో ఉన్నంత టెక్కలి బజారులో ఉండదు. తుఫాను వచ్చినప్పుడు ఆ లెక్క మారిపోతుంది. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. గంటకి 140, 150 కిలోమీటర్ల గాలి సముద్రాన్ని ఎత్తి లోపలికి చల్లింది. కొబ్బరి, జీడి తోటలు పోయిన ఆ రోజుల్లో కారు డిస్కుల గురించి ఎవరు ఆలోచిస్తారు? కానీ తుఫాను తర్వాత ఇంట్లో బండి దేన్నైనా బయటికి తీసేముందు మంచినీళ్ళతో చక్రాల లోపల కడగడం పది నిమిషాల పని. అది చెయ్యొచ్చు.

మరి డిస్కుని తుప్పు పట్టని స్టీలుతో చెయ్యొచ్చు కదా? నాకూ మొదట ఇదే అనుమానం. మన బైకులు చూడండి. పల్సర్ డిస్క్ వానలో తడిసినా కారు డిస్కులా ఎర్రబడదు. బైకులకి సాధారణంగా వాడేది క్రోమియం ఉన్న స్టెయిన్‌లెస్ రకం. కారు డిస్క్ పోత ఇనుము. అందులో మూడు శాతం పైన కార్బన్ ఉంటుంది, అది గ్రాఫైట్ రేకుల్లా లోపల పరుచుకుని ఉంటుంది. ఆ రేకులు వేడిని త్వరగా లాగుతాయి, కీచుమనే వైబ్రేషన్‌ని మింగుతాయి, పైగా ధర తక్కువ.

వేడి ఎందుకంత ముఖ్యమో చిన్న లెక్క వేద్దాం. కారు, మనుషులు కలిపి 1200 కిలోలు. వేగం గంటకి 80 కిలోమీటర్లు, అంటే సెకనుకి సుమారు 22.2 మీటర్లు. అర ఎం వీ స్క్వేర్ వేస్తే దాదాపు 296 కిలోజౌళ్ళు. 30 డిగ్రీల దగ్గర ఉన్న లీటరు నీళ్ళని 100 డిగ్రీలకి తీసుకెళ్ళడానికి సుమారు 293 కిలోజౌళ్ళు కావాలి. అంటే హైవే మీద ఆవు అడ్డొచ్చి ఒక్కసారి గట్టిగా ఆపితే, లీటరు నీళ్ళు మరిగించేంత వేడి నాలుగైదు సెకన్లలో బ్రేకుల్లో పుడుతుంది. దాన్ని భరించడానికి పోత ఇనుమే చవకైన మంచి దారి. తుప్పు అనేది ఆ బేరంలో మనం కట్టే రుసుము.

అందుకని ప్రతి తుప్పుకీ భయపడక్కర్లేదు. రాత్రి వాన పడితే పొద్దున్నకి డిస్క్ అంతా పసుపు కలిపిన కుంకుమ రంగులో ఉంటుంది. నాలుగు సార్లు బ్రేకు వేస్తే ప్యాడ్లు దాన్ని గీకేస్తాయి. మొదట్లో గరగరమంటుంది, తర్వాత పోతుంది. దాన్ని చూసి డిస్క్ మార్చాలి అనే మెకానిక్‌ని నమ్మకండి. మా ఇంట్లో ఒకరికి అలాగే చెప్పారు. మరో షాపులో పెద్దాయన చూసి నవ్వి, "బండి ఆడించకపోతే తుప్పట్టక ఏటవుతాది బాబూ, రెండు రౌండ్లు తిప్పి తీసుకురా" అన్నాడు. తిప్పాక పోయింది.

భయపడాల్సినది గుంటలు పడే తుప్పుకి. నెలల తరబడి కదలని కారులో ఇది ప్యాడ్ కిందే మొదలవుతుంది. ప్యాడ్‌కీ డిస్క్‌కీ మధ్య సన్నటి సందులో చెమ్మ చిక్కుకుంటుంది. అక్కడికి ఆక్సిజన్ సరిగా అందదు, బయట భాగానికి బాగా అందుతుంది. డిఫరెన్షియల్ ఏరేషన్ గుర్తొచ్చిందా? ఆక్సిజన్ తక్కువ ఉన్నచోటే ఇనుము కరుగుతుంది. అందుకే కారు కదిలించాక డిస్క్ మీద సరిగ్గా ప్యాడ్ ఆకారంలో ముద్ర కనిపిస్తుంది. అది లోతుగా దిగితే బ్రేకు వేసిన ప్రతిసారీ ఆ చోటికి వచ్చేసరికి పట్టు మారుతుంది, పెడల్ కాలికి కొట్టుకుంటుంది. పాతికసార్లు బ్రేకు వేసినా పోకపోతే అది గీకితే పోయే తుప్పు కాదు.

ఇంకో మోసం ఉంది. డిస్కుకి రెండు ముఖాలు. బయటది మనకి కనిపిస్తుంది, నిగనిగలాడుతుంది. లోపలిది కనిపించదు. కాలిపర్ జారే పిన్నులు ఉప్పుకి బిగుసుకుపోతే ఒక వైపు ప్యాడే పనిచేస్తుంది, రెండో వైపు ముఖం తుప్పుపట్టి పొలుసులు లేస్తుంది. స్టీరింగ్ ఒక పక్కకి పూర్తిగా తిప్పి, ఫోన్ టార్చ్ వేసి వెనక నుంచి వీడియో తీయండి. ఫోన్లు రీల్స్‌కి మాత్రమే కాదు.

డిస్క్ అంచున లేదా గిన్నె భాగం మీద కనీస మందం అని ఒక అంకె పోత పోసి ఉంటుంది. తుప్పు గీకిన ప్రతిసారీ మందం కొంచెం తగ్గుతుంది. అంచున గట్టులా లేచిన తుప్పుని కలుపుకోకుండా, ప్యాడ్ తాకే చోట కొలవాలి. ఆ అంకె కన్నా తగ్గితే మార్చడమే, ఇంకో మాట లేదు. మార్చేటప్పుడు ఎడమా కుడీ రెండూ కలిపే మార్చాలి, లేకపోతే బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకి లాగుతుంది.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది. ఇనుముకి తుప్పు అంటే మన ఇళ్ళల్లో మందు నూనె. కత్తిపీటకి కొబ్బరి నూనె రాస్తారు, బావి గిలకకి రాస్తారు, కారు అడుగున పాత ఇంజన్ ఆయిల్ కొట్టిస్తారు. డిస్కుకి మాత్రం నూనె, గ్రీజు, తుప్పు వదిలించే స్ప్రే, ఏదీ తగలకూడదు. డిస్క్ పని చేసేదే రాపిడితో, నూనె ఉన్నదే రాపిడి తీసేయడానికి. ప్యాడ్‌కి సన్న రంధ్రాలుంటాయి, ఒకసారి నూనె పీల్చిందంటే తుడిస్తే పోదు, ప్యాడ్లే మార్చాలి. బ్రేకు తొక్కాక బండి ఆగకుండా ముందుకి పోతున్నప్పుడు ఆ సంగతి తెలియడం మంచిది కాదు. అడుగున ఆయిల్ కొట్టిస్తుంటే చక్రాల దగ్గర గోనెసంచి కప్పమని దగ్గరుండి చెప్పండి. రంగు వెయ్యాలనిపిస్తే ప్యాడ్ తాకని గిన్నె భాగానికీ అంచుకీ వేడి తట్టుకునే పెయింట్ వేయించుకోవచ్చు. కొన్ని కంపెనీలు అక్కడ జింక్ పూతతోనే డిస్కులు ఇస్తాయి.

కడగడంలో కూడా ఒక మెలిక. బీచ్ నుంచి వచ్చాక నీళ్ళు కొట్టడం మంచిదే, ఆ నీళ్ళు మంచివైతే. తీరం దగ్గర చాలా బోర్లలో నీళ్ళు ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్ళతో కడిగి నీడలో ఆరబెడితే నీరు ఆవిరై ఉప్పు మిగులుతుంది, అంటే నౌపడలో చేసేదే మనం చక్రం మీద చిన్న సైజులో చేస్తున్నామన్నమాట. నోట్లో వేసుకుంటే ఉప్పగా అనిపించే నీళ్ళు కారుకీ వద్దు. కడిగిన వెంటనే షెడ్డులో పెట్టెయ్యకుండా ఒక కిలోమీటరు తిప్పి, మెల్లగా నాలుగైదు సార్లు బ్రేకు వేసి, ఆ వేడికి ఆరనిచ్చి అప్పుడు పెట్టాలి.

నిలబెట్టే కారుకి హ్యాండ్ బ్రేక్ వెయ్యకండి. మన చిన్న కార్లలో చాలావాటికి వెనక చక్రాలకి డ్రమ్ బ్రేకులు. లోపల షూ డ్రమ్ముకి తుప్పుతో అతుక్కుపోతుంది. చదునైన చోట గేరులో ఉంచి, చక్రాలకి ముందూ వెనకా చెక్క దిమ్మెలు పెట్టండి. ఇంట్లో ఉన్నవాళ్ళెవరైనా వారానికోసారి నాలుగు కిలోమీటర్లు తిప్పగలిగితే ఏ పూతా దానికి సాటి రాదు. ప్లాస్టిక్ కవరు నేల దాకా కప్పితే కింది చెమ్మ లోపలే ఉండిపోతుంది, చక్రాల దగ్గర గాలి ఆడనివ్వండి.

ఎలక్ట్రిక్ కార్లొస్తే ఈ గోల పోతుందనుకుంటే పొరపాటు. అవి వేగం తగ్గేటప్పుడు మోటారుతోనే ఛార్జ్ చేసుకుంటాయి, డిస్కుని తక్కువ వాడతాయి. వాడని డిస్క్ ఇంకా ఎక్కువ తుప్పు పడుతుంది. ఫోక్స్‌వ్యాగన్ తన ఐడీ.4 కారుకి వెనక మళ్ళీ పాతకాలపు డ్రమ్ బ్రేకులే పెట్టింది. మూసి ఉంటుంది కాబట్టి వానకీ దుమ్ముకీ డిస్కులా బయటపడదు.

సంక్రాంతికి వచ్చిన మావయ్యతో ఏం చెప్పాలంటే, ముందు బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ రెండు గీతల మధ్య ఉందా చూడమనండి. అది కూడా ఉప్పులాగే తేమని పీలుస్తుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. నూటికి 3.7 వంతుల నీరు చేరితే ఆ హామీ 155కి పడిపోతుంది. మరిగి ఆవిరైతే పెడల్ నేల దాకా దిగిపోతుంది. రెండేళ్ళు దాటితే మార్పించడమే. తర్వాత ఇంజన్ ఆన్ చేసి పెడల్ తొక్కితే గట్టిగా నిలబడాలి. స్పాంజిలా ఉంటే ఆ రోజు ప్రయాణం లేదు. కారు కదలకపోతే యాక్సిలరేటర్ తొక్కి లాగొద్దు, మెకానిక్‌ని ఇంటికే పిలవండి. కదిలితే ముందు వాకిట్లో నడక వేగంతో బ్రేకు చూసి, తర్వాత తోటల మధ్య ఖాళీ రోడ్డు మీద 40 నుంచి 10కి మెల్లగా తగ్గిస్తూ ఎనిమిది, పది సార్లు చెయ్యాలి. మధ్యలో చల్లారడానికి కాస్త ఎడం ఇవ్వాలి. పిల్లల్ని అప్పటిదాకా ఎక్కించకూడదు. శబ్దం, కుదుపు, ఒక పక్కకి లాగడం, ఈ మూడింట్లో ఏ ఒక్కటి మిగిలినా టెక్కలిలోనో పలాసలోనో షాపులో చక్రం విప్పించాలి. విప్పినప్పుడు పక్కనే నిలబడి, డిస్క్ లోపలి ముఖం కూడా చూపించమని అడగాలి.