యోగాభ్యాసం: ముందుగా నేర్వవలసినది

“పగలంతా ఒళ్లు వంచి పనిచేసే వారికి మళ్లీ యోగాసనాలు ఎందుకండీ?” అనే ప్రశ్న మా జంగారెడ్డిగూడెం ప్రాంతంలో తరచుగా వినవస్తుంది. ప్రశ్న సహేతుకమైనదే. ఇది మెట్ట ప్రాంతం. పామాయిల్ గెలలు కోయువారు పొడవైన గెడకు కట్టిన కత్తితో, మెడ పైకెత్తి గంటల తరబడి పనిచేస్తారు. పొగాకు గ్రేడింగు చేయు స్త్రీలు దినమంతా నేలపై కూర్చుని ముందుకు వంగి ఉంటారు. బ్యారన్ వద్ద మంట చూచువానికి రాత్రి నిద్ర కరవు. దుకాణంలో గల్లాపెట్టె ముందు కూర్చొను గృహస్థు సరేసరి. వీరందరి శ్రమా ఒక్క తీరుదే: శరీరం ఎల్లప్పుడూ ఒకే వైపునకు వంగుతుంది, శ్వాస పైపైననే ఆడుతుంది. శ్రమ వేరు, వ్యాయామం వేరు, యోగం వేరు.

యోగమనగానే తలక్రిందులుగా నిలుచుట, కాళ్లను మెడకు చుట్టుకొనుట అని మనవారు భావిస్తారు. పతంజలి యోగసూత్రాలు సుమారు 196 కాగా, వాటిలో ప్రత్యేకించి ఆసనమును గూర్చి చెప్పినవి మూడే. స్థిరంగాను, సుఖంగాను ఉండగలుగుటయే ఆసనమని ఆయన నిర్ణయం. యమ నియమాల తరువాత ఆసనం, ఆసనం కుదిరిన పిమ్మట ప్రాణాయామం అన్నది ఆయన చెప్పిన వరుస. హఠయోగ ప్రదీపిక కూడా ఆసనం స్థిరపడిన తరువాతనే ప్రాణాయామమన్నది. నేడు చాలామంది టెలివిజన్ చూచి మొదటి రోజే కపాలభాతికి దిగుతున్నారు. ఇది పునాది లేని గోడ.

మన ఆయుర్వేదం మరొక హద్దు కూడా చెప్పినది. వాగ్భటుడు అష్టాంగహృదయంలో, బలవంతుడైనవాడు సైతం తన శక్తిలో సగం మేరకే వ్యాయామం చేయవలెనని, అదియును చలికాలంలోను, వసంతంలోను మాత్రమేనని, తక్కిన ఋతువులలో ఇంకను తగ్గించవలెనని నిర్దేశించాడు. మా వైపు మే నెల ఎండ నెరిగినవారికి ఈ మాట వేరుగా వివరించనక్కరలేదు. నుదుట చెమట పట్టి, నోరు ఎండుటకు మొదలైనచో ఆపివేయవలెను.

ఇక అభ్యాసం. ఉదయం కాలకృత్యాలు ముగించి, పరగడుపున చేయుట ఉత్తమం. భోజనమైన 4 గంటల వరకు చేయరాదు. సిమెంటు నేలపై చాప, దానిపై మడత పెట్టిన దుప్పటి పరచుకొనవలెను. బాసీపెట్టు వేసికొని, మోకాళ్ల నొప్పి గలవారు కుర్చీపైననే, వెన్ను నిటారుగా నిలిపి కూర్చొనవలెను. కుడి అరచేతిని పొట్టపై ఉంచండి. శ్వాస తీసికొనునపుడు పొట్ట మెల్లగా ముందుకు రావలెను, విడుచునపుడు లోనికి పోవలెను. నా వద్దకు వచ్చు గృహిణులలో అనేకులు దీనికి సరిగా విరుద్ధంగా, భుజాలు పైకెత్తి, పొట్ట లోనికి లాగి గాలి పీలుస్తారు. దీనిని సరిదిద్దుటకే కొందరికి వారం పడుతుంది. పట్టనీయండి, తొందరలేదు.

మనసులో 3 లెక్కించునంతసేపు ముక్కుతో శ్వాస తీసికొని, 4 లెక్కించునంతసేపు విడువవలెను. కొన్ని వారాలకు విడుచుట 6 వరకు పెరుగుతుంది. ఊపిరి బిగపట్టరాదు. కుంభకం గురుముఖతః నేర్వవలసినది. ఇట్లు 10 సార్లు చేసిన పిమ్మట తాడాసనం, భుజంగాసనం, చివర 5 నిమిషాలు శవాసనం చాలును. గర్భిణులు భుజంగాసనం వేయరాదు. రక్తపోటు, హెర్నియా గలవారు, గర్భిణులు, ఇటీవల పొట్టకు ఆపరేషన్ జరిగినవారు కపాలభాతి జోలికి పోరాదు. గ్లాకోమా అను కంటిజబ్బు ఉన్నవారికి శీర్షాసనం నిషిద్ధం.

ఇక్కడ ఒక సంగతి చెప్పక తప్పదు. పొగాకు రైతు ఒకాయన రెండు నెలలు శ్రద్ధగా అభ్యాసం చేసి, నిద్ర బాగా పడుతున్నదని సంతోషించాడు. ఒకనాడు తల దిమ్ముగా ఉన్నదన్నాడు. అడుగగా, “యోగా చేస్తున్నాను కదండీ, బి.పి. మాత్రలు మానేశాను” అన్నాడు. అప్పటికి 3 వారాలైనది. వెంటనే డాక్టరు వద్దకు పంపగా రక్తపోటు 180 దాటి ఉన్నది. ఆయన తిరిగి మాత్రలు ప్రారంభించాడు, అభ్యాసమూ సాగిస్తున్నాడు.

స్వామి కువలయానంద 1924లో లోనావాలాలో కైవల్యధామ స్థాపించి యోగక్రియలను ప్రయోగశాలలో పరీక్షించిన నాటినుండి ఈ పరిశోధన సాగుతూనే ఉన్నది. క్రమమైన అభ్యాసం వలన రక్తపోటు కొంత తగ్గుతుందని తేలినది. అయితే అది మందుకు తోడుగా మాత్రమే. మోతాదు తగ్గించవలసి వచ్చినచో, ఆ నిర్ణయం రక్తపోటు చూచిన వైద్యునిది. అభ్యాసం మొదలు పెట్టునాడే మీ రక్తపోటు చూపించుకొని, ఆ అంకెను తేదీతో సహా క్యాలెండరుపై వ్రాసి ఉంచుకొనండి. నెలకొకసారి మళ్లీ చూపించుకొని, దాని ప్రక్కనే వ్రాయండి.