జవాబు నోట్లో పెట్టి అడగొద్దు

2003-04 ప్రాంతంలో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో ఎవరు పోయినా, తర్వాత ఆ ఇంటికి ఒక ఆరోగ్య కార్యకర్త వెళ్లి కూర్చునేవారు. పోయినవాళ్లకి ఏం జరిగిందో అడిగి రాసుకోవడం వాళ్ల పని. ఆ కాగితాలు డాక్టర్లకి చేరేవి. ఇంట్లోవాళ్లు చెప్పింది చదివి, ఆ చావుకి కారణమేమిటో డాక్టర్లు తేల్చేవారు. ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనీషియేటివ్ అనే ఈ పనిని బైర్రాజు ఫౌండేషన్, సిడ్నీలోని జార్జ్ ఇన్‌స్టిట్యూట్, మరో రెండు సంస్థలు కలిసి చేశాయి. 1,80,162 మంది జనాభాలో ఏడాదికి 1,354 మరణాలు లెక్కకొచ్చాయి. వాటిలో 98 శాతం మరణాలకి ఇంట్లోవాళ్లు జరిగింది చెప్పారు.

పల్లెటూళ్లలో జనం జ్వరాలతో, విరేచనాలతో పోతారన్నది అందరూ అనుకునే మాట. 2006లో అచ్చయిన లెక్క వేరేగా ఉంది. గుండె, రక్తనాళాల జబ్బులు 32 శాతం. ప్రమాదాలు, ఆత్మహత్యలు వగైరా 13 శాతం. అంటురోగాలు 12 శాతం దగ్గరే ఆగిపోయాయి. క్యాన్సర్లు 7 శాతం.

మన పశ్చిమ గోదావరి జిల్లాలో వైద్య పరిశోధన అనగానే భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు గుర్తొస్తారు. ఆయనది ప్రయోగశాల. ఇది అరుగు మీద జరిగే పరిశోధన. జబ్బుని ఒక్క మనిషిలో కాక ఊరంతటిలో చూసే ఈ చదువునే ఎపిడెమియాలజీ అంటారు. ఉదాహరణకి, మగవాళ్ల మూత్రాశయం దగ్గరుండే ప్రోస్టేట్ గ్రంథికి వచ్చే క్యాన్సర్ మీద పనిచేసే ఎపిడెమియాలజిస్టు చేతిలో కత్తీ ఉండదు, మందూ ఉండదు. ఉండేది ప్రశ్నల కాగితం. ఇరవై, ముప్పై ఏళ్ల ఉద్యోగమంతా ఆ కాగితం మీదే నడుస్తుంది. అడగడం ఎలాగో వాళ్లకి తెలిసినంతగా మనకి తెలియదు. వ్యక్తిత్వ వికాసం క్లాసుల్లో మాట్లాడటం నేర్పుతారు, చొక్కా టక్ చేసుకోవడం కూడా నేర్పుతారు. అడగడం నేర్పేవాళ్లని నేనైతే చూడలేదు.

తాడేపల్లిగూడెం దగ్గర ఒక ఊరు అనుకుందాం. పెద్దాయన పోయారు. వివరాలు రాసుకోవడానికి వచ్చిన అమ్మాయి, ‘‘గుండెపోటేనా అండీ?’’ అంటుంది. కోడలు, ‘‘ఆఁ, అదేనమ్మా’’ అంటుంది. దుఃఖంలో ఉన్న మనిషికి ఔననడమే తేలిక. అదే అమ్మాయి, ‘‘ఆ రోజు పొద్దున్నుంచీ మావయ్యగారు ఎలా ఉన్నారో చెప్పండి’’ అంటే, రెండు నెలలుగా నడుం నొప్పి అంటున్నారనీ, సాయంత్రమైతే మంచినీళ్లు ముట్టేవారు కాదనీ, రాత్రి నాలుగైదుసార్లు లేచేవారనీ ఒక్కొక్కటే బయటికొస్తాయి. మొదటి ప్రశ్నకి వచ్చింది ఆ అమ్మాయి జవాబే, కోడలి గొంతుతో.

బతికున్న పెద్దాయన్ని అడగడం ఇంకా కష్టం. మూత్రం సంగతి కొడుకుతో చెప్పుకోరు, కోడలితో అసలే చెప్పుకోరు. ఏలూరు నుంచి బెజవాడ బస్సు ప్రయాణం అంటే ‘‘ఎండగా ఉందిరా’’ అని తప్పించుకుంటారు. 1992లో అమెరికా యూరాలజీ సంఘం ఏడు ప్రశ్నల కొలమానం ఒకటి తయారుచేసింది. ఇప్పటికీ చాలా దేశాల్లో వాడతారు. అందులో ‘మీకు ఇబ్బందిగా ఉందా?’ అని మొదలుపెట్టరు. ‘గడిచిన నెల రోజుల్లో, రాత్రి పడుకున్నాక తెల్లారి లేచేదాకా, మూత్రానికి మామూలుగా ఎన్నిసార్లు లేచారు?’ అనే తీరులో అడుగుతారు. ఎప్పటి సంగతో ఉంది, ఏ వేళో ఉంది, అంకె అడిగారు. సిగ్గుపడటానికి సందు లేదు. ఈ ఏడు ప్రశ్నలు క్యాన్సర్‌ని పట్టవు, మూత్రం ఇబ్బంది ఎంత ఉందో కొలుస్తాయి అంతే. ఆ సంగతి తెలిసి వాడాలి.

ఎప్పుడు అడుగుతున్నామన్నదీ ముఖ్యమే. క్యాన్సర్ వచ్చినాయన్ని ‘ఇన్నాళ్లూ ఏం తిన్నారు?’ అని అడిగితే, ఆయన తనకీ జబ్బు ఎందుకొచ్చిందా అని అప్పటికే వెతుక్కుంటూ ఉంటాడు. దొరికిన కారణానికి తగ్గట్టు గతం గుర్తొస్తుంది. అందుకని జబ్బు రాకముందే అడిగి పెట్టుకుంటారు. హార్వర్డ్ వాళ్లు 1986లో 51,529 మంది మగవాళ్లని, అందరూ దంతవైద్యులు, ఫార్మసిస్టులు, పశువైద్యుల్లాంటి వాళ్లు, ఎంచుకుని రెండేళ్లకోసారి కాగితాలు పంపుతూ వచ్చారు. ఆ లెక్కల్లోంచే 1995లో ఎడ్వర్డ్ జొవనూచీ బృందం టమాటాలు, ముఖ్యంగా టమాటా సాస్, ఎక్కువగా తినేవాళ్లలో ప్రోస్టేట్ క్యాన్సర్ తక్కువగా కనిపిస్తోందని రాసింది. ఇంకేం, ప్రపంచమంతా టమాటా మంత్రం జపించింది. తర్వాత వచ్చిన అధ్యయనాలన్నీ అంత గట్టిగా ఔననలేదు. నూనెలో ఉడికిన టమాటాలోంచి దాని ఎర్రరంగు పదార్థం ఒంటికి బాగా పడుతుందన్నది మాత్రం నిజం కాబట్టి, టమాటా పప్పు మానక్కర్లేదు.

ఈ రంగంలో నాకు అన్నిటికంటే నచ్చిన కథ సెలీనియం, విటమిన్ మాత్రలది. ల్యారీ క్లార్క్ బృందం సెలీనియం చర్మ క్యాన్సర్‌ని ఆపుతుందా అని 1,312 మంది మీద చూసింది. ఆపలేదు. కానీ ఆ మాత్రలు మింగిన మగవాళ్లలో ప్రోస్టేట్ క్యాన్సర్ బాగా తగ్గినట్టు 1996లో తేలింది. ఫిన్లాండ్‌లో పొగతాగే 29 వేలమందికి ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గుతుందని విటమిన్లు ఇచ్చారు. అది తగ్గలేదు సరికదా, బీటా కెరోటిన్ వేసుకున్నవాళ్లలో పెరిగింది. విటమిన్ ఇ వేసుకున్నవాళ్లలో ప్రోస్టేట్ క్యాన్సర్ మాత్రం 32 శాతం తక్కువగా కనిపించింది. రెండుచోట్లా అడిగింది ఒకటి, జవాబొచ్చింది ఇంకోదానికి. మనమైతే పండగ చేసుకుని మాత్రలు కొనేవాళ్లం, చాలామంది కొన్నారు కూడా. వీళ్లు మాత్రం అదే ప్రశ్నని ఈసారి సూటిగా అడిగారు. 2001లో సెలెక్ట్ అనే పరీక్ష మొదలైంది, 35,533 మంది మగవాళ్లు చేరారు. లాభం కనబడక 2008లో మధ్యలోనే మాత్రలు ఆపించారు. 2011 నాటికి విటమిన్ ఇ వేసుకున్నవాళ్లలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువని తేలింది.

ఏళ్ల తరబడి నమ్మిన మాట, కోట్ల ఖర్చు, వేలమంది పేర్లు. అయినా దాచకుండా అచ్చేసుకున్నారు. ఎలా వీలైందంటే, ఏది గెలుపో ఏది ఓటమో మాత్రలు పంచకముందే కాగితం మీద రాసి పెట్టుకున్నారు గనక. మీరు గ్రూప్స్‌కి మూడోసారి కూర్చుంటున్నా, కైకలూరులో మందుల షాపు పెడుతున్నా ఇది చేయొచ్చు. ‘ఫలానా నెలకి ఫలానా అంకె రాకపోతే ఈ దారి కాదు’ అని ముందే రాసి, తేదీ వేసి, ఇంకొకరి చేతికివ్వండి. మీ మీద మీకు నమ్మకం ఉండాలనే పుస్తకాలు బోలెడు. మీ నమ్మకాన్ని మీరే పరీక్షకి పెట్టుకోమనేవి తక్కువ.

2020 డిసెంబరు 5న ఏలూరు వన్‌టౌన్‌లో జనం మూర్ఛలతో పడిపోవడం మొదలైనప్పుడు చూశాం కదా. ఆస్పత్రి గేటు దగ్గరే అందరి దగ్గరా జవాబుంది: నీళ్లు, వైరస్, బ్లీచింగ్. కారణం వెతకడానికి వచ్చినవాళ్లు ఇంటింటికీ తిరిగి ఏ నీళ్లు తాగారు, ఏం తిన్నారు అని అడిగారు. మున్సిపాలిటీ నీళ్లు వాడనివాళ్లూ పడిపోయారని తెలిసింది. ఆరు వందల మంది దాకా జబ్బుపడ్డాక, చివరికి ఎయిమ్స్ ఆస్పత్రి, నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ ఇచ్చిన నివేదికల్ని బట్టి పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణమై ఉండొచ్చని ప్రభుత్వం చెప్పింది.

కొల్లేటి గట్టున చేపల చెరువు చూసుకునే కుర్రాడికీ ఇదే చదువు కావాలి. తెల్లారగట్ల శీలావతులు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. ‘‘మేత ఎక్కువేశారా అండీ?’’ అంటే రైతు ఔనంటాడు, చదువుకున్నవాడు అంటున్నాడు కదా అని. ‘‘నిన్న సాయంత్రం నుంచి చెరువు దగ్గర ఏమేం జరిగింది?’’ అంటే, పగలంతా మబ్బు పట్టిందనీ, రాత్రి కరెంటు పోయి ఏరేటర్లు ఆగాయనీ చెబుతాడు. నీళ్లలో ఆక్సిజన్ తెల్లారేముందే అడుగంటుతుంది కాబట్టి సంగతి అక్కడే తేలిపోతుంది.

సరే, ఇంట్లో నాన్నగారికి అరవై దాటాయనుకోండి. ‘‘ఒంట్లో బాగానే ఉందిగా?’’ అనకండి. రాత్రి ఎన్నిసార్లు లేచారో అడిగి, వారం పాటు రాసిపెట్టమనండి. ఆ కాగితంతో యూరాలజిస్టు దగ్గరికెళితే ప్రోస్టేట్ క్యాన్సర్‌ని వెతికే పీఎస్‌ఏ రక్తపరీక్ష మాట వస్తుంది. 2009 మార్చిలో దీని మీద రెండు పెద్ద అధ్యయనాలు ఒకే పత్రికలో వచ్చాయి. అమెరికా వాళ్లది ఆ పరీక్ష వల్ల ప్రోస్టేట్ క్యాన్సర్ చావులు తగ్గలేదంది. యూరప్ వాళ్లది 20 శాతం తగ్గాయంది. అయితే ఒక్క చావు తప్పించడానికి 1,410 మందికి పరీక్ష చేసి, అదనంగా 48 మందికి వైద్యం చేయాల్సి వచ్చిందని కూడా అదే చెప్పింది. ఆ వైద్యంతో మూత్రం ఆగకపోవడం లాంటి బాధలు కొందరికి మిగులుతాయి. 55 నుంచి 69 ఏళ్ల మధ్య ఈ పరీక్ష చేయించుకోవాలా వద్దా అన్నది డాక్టర్‌తో మాట్లాడుకుని ఎవరికి వారే తేల్చుకోవాలని 2018లో అమెరికా నిపుణుల బృందం సలహా ఇచ్చింది. ఈ అంకెలన్నీ నాన్నగారి ముందు పెట్టి, ఏమంటారో వినండి. ‘‘చేయించుకోవాలి కదా నాన్నా’’ అని మాత్రం మొదలుపెట్టకండి.