కోఠీ నుంచి తిరుమలగిరి దాకా

చరిత్ర చూడాలంటే ఢిల్లీకో ఆగ్రాకో రైలెక్కాలనుకునే పిల్లలు మా సికింద్రాబాద్ తిరుమలగిరిలో చాలామందే ఉన్నారు. వాళ్లకు ఎన్నో ఏళ్లుగా చెబుతున్న మాటలే ఇవి.

1. పాత కట్టడం ముందు నిలబడ్డప్పుడు, దాన్ని ఎవరు కట్టారో తెలుసుకుని ఊరుకోకండి. ఎవరికి భయపడి కట్టారో కూడా అడగండి. 1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ రొహిల్లా యోధులను వెంటబెట్టుకుని హైదరాబాద్ కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీదికి వెళ్లారు. ఫిరంగుల ముందు నిలవలేకపోయారు. అయినా ఆ తిరుగుబాటు తర్వాతే తెల్లసైన్యం తిరుమలగిరిలో కందకం తవ్వి, చుట్టూ రాతి గోడ, బురుజులు లేపుకుంది. గెలిచినవాడికి ఇంత గోడ ఎందుకు కావాల్సి వచ్చిందో ఆలోచించండి. ఓడిపోయినవాళ్ల బలం ఎంతో అక్కడే తెలుస్తుంది.

2. ఒక్క చోటే చూసి తిరిగి రావద్దు. ముందు కోఠీ వెళ్లండి. బ్రిటిష్ రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ కట్టించిన ఆ రెసిడెన్సీయే తర్వాత మహిళా కళాశాల అయింది. దగ్గర్లోనే తుర్రేబాజ్ ఖాన్ స్మారక స్తంభం ఉంది, బస్సుల రద్దీలో చాలామంది గమనించరు. జైలు నుంచి తప్పించుకున్న ఆయన్ను 1859లో తూప్రాన్ దగ్గర చంపి, శవాన్ని నగరంలో వేలాడదీశారు. మౌల్వీని అండమాన్‌కు పంపారు. ఇవన్నీ తెలుసుకుని వస్తే తిరుమలగిరి గోడ వేరేలా కనిపిస్తుంది.

3. పేరు చూసి మురిసిపోకండి. తిరుమలగిరి సైనిక జైలుకు కోట బురుజుల్లాంటి బురుజులు ఉన్నాయని విండ్సర్ కాజిల్ అని పేరు పెట్టారు. లోపల ఉన్నవి ఖైదీల గదులు.

4. పరాయి పాలకుల మీద కోపంతో కట్టడాలను కూలిపోనివ్వకండి. 1860 నాటి ఆల్ సెయింట్స్ చర్చి, 1847 నాటి బొల్లారం హోలీ ట్రినిటీ చర్చి మన మేస్త్రీలు, కూలీలు చెమటోడ్చి లేపినవి. వాళ్ల పేర్లు ఏ ఫలకం మీదా కనబడవు. ఆ పని నిలిచి ఉండటమే వాళ్లకు మిగిలిన గుర్తు.

5. ఆంగ్లేయులతోనే ఆగిపోకండి. పక్కనే హస్మత్‌పేటలో ఇనుపయుగపు సమాధులున్నాయి. నేలలో గుండ్రంగా పాతిన బండరాళ్లు, నడుమ రాళ్ల కుప్ప. జాగ్రత్తగా చూస్తే రాళ్లు వరుసగా ఒక వలయంలో ఉన్నాయని తెలుస్తుంది, పైపైన చూస్తే మామూలు బండల్లాగే ఉంటాయి. రాజు పేరు లేదు, శాసనం లేదు. చచ్చిపోయిన తమవాళ్లను ఇంత శ్రద్ధగా సాగనంపిన మనుషులు నిజాముల కంటే, కుతుబ్‌షాహీల కంటే ఎంతో ముందు ఇక్కడ బతికారు. చుట్టూ ఇళ్లు మీదికొచ్చేస్తున్నాయి. మీరు మొదట కాపాడాల్సింది ఈ సమాధులనే.

6. సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో చాలా చోట్లు సైన్యం చేతిలో ఉన్నాయి. అనుమతి లేకుండా లోపలికి వెళ్లకండి, ఫోటోలు తీయకండి. పిల్లలతో వెళ్లేవాళ్లు బొల్లారం రాష్ట్రపతి నిలయంతో మొదలుపెట్టవచ్చు. ఒకప్పుడు బ్రిటిష్ రెసిడెంటు ఉన్న ఆ ఇంటిని 2023 నుంచి ఏడాది పొడవునా జనానికి చూపిస్తున్నారు. సోమవారం సెలవు.