తక్కువ ఉష్ణోగ్రత వద్ద కరిగే అగరోజ్

ఉద్దేశాలు
ఈ విభాగం చదివిన తరువాత మీరు:
• జెల్ కరిగే ఉష్ణోగ్రతకూ, గట్టిపడే ఉష్ణోగ్రతకూ గల తేడాను వివరించగలుగుతారు.
• కణవర్ధనంలోనూ, క్లోనింగ్‌లోనూ ఈ తేడా ఎలా ఉపయోగపడుతుందో చెప్పగలుగుతారు.

1. అగర్ నుంచి అగరోజ్
చైనాగ్రాస్‌తో జెల్లీ చేయడం మీరు చూసే ఉంటారు. దానిని నీటిలో మరిగిస్తేనే కరుగుతుంది. చల్లారితే గడ్డకడుతుంది. ఒకసారి గడ్డకట్టాక ఎండాకాలపు వేడికి కూడా కరగదు. ఈ చైనాగ్రాసే అగర్. సముద్రంలో పెరిగే ఎరుపు శైవలాల నుంచి దీనిని తీస్తారు. మనదేశంలో తమిళనాడు తీరాన మన్నార్ సింధుశాఖలో ఇటువంటి శైవలాలు లభిస్తాయి. అగర్ నుంచి అగరోపెక్టిన్‌ను తొలగిస్తే అగరోజ్ మిగులుతుంది.

2. సమస్య ఏమిటి?
మామూలు అగరోజ్ జెల్ సుమారు 85°–95° సెం. వద్ద కరుగుతుంది, చల్లారుతూ 36°–42° సెం. మధ్య గట్టిపడుతుంది. మానవ కణాలను పెంచేది 37° సెం. వద్ద. ద్రావణం వేడిగా ఉన్నప్పుడు కణాలను కలిపితే అవి చనిపోవచ్చు. చల్లబడేదాకా ఆగితే కలిపేలోపే అది గడ్డకట్టవచ్చు.

అందుకని అగరోజ్ గొలుసుకు హైడ్రాక్సీఇథైల్ సమూహాలను చేరుస్తారు. ఇవి గొలుసుల మధ్య హైడ్రోజన్ బంధాలను బలహీనపరుస్తాయి. ఇప్పుడు జెల్ దాదాపు 65° సెం. వద్దనే కరుగుతుంది; 26°–30° సెం. వద్ద గట్టిపడుతుంది. 37° సెం. వద్ద ద్రవంగానే ఉంటుంది కనుక కణాలను నిదానంగా కలపవచ్చు. గట్టిపడిన తరువాత మళ్ళీ 37° సెం. వద్ద ఉంచినా కరగదు. కాబట్టి కణాలు ఉన్నచోటనే పెరుగుతాయి.

3. ఉపయోగాలు
(అ) కణవర్ధనం: పాత్రలో అడుగుపొరగా సుమారు 0.6 శాతం జెల్ పోస్తారు. దానిపై కణాలు కలిపిన సుమారు 0.3 శాతం జెల్ పోస్తారు. సాధారణ దేహకణాలు చాలావరకు గట్టి తలాన్ని అంటుకుంటేనే విభజన చెందుతాయి. అనేక కాన్సర్ కణాలు ఏ ఆధారమూ లేకుండా మెత్తని జెల్‌లోనే గుంపులు కడతాయి. కాన్సర్ స్వభావాన్ని గుర్తించడానికి ఇది ఒక పరీక్ష.

(ఆ) క్లోనింగ్: జెల్‌లో వేరుచేసిన డి.ఎన్.ఎ. పట్టీని కోసి 65°–70° సెం. వద్ద కరిగిస్తారు. ఆ వేడికి జెల్ కరుగుతుంది గాని, పొడవైన డి.ఎన్.ఎ. ముక్కల రెండు పోగులు విడిపోవు. 37° సెం.కు చల్లార్చాకే లైగేజ్ ఎంజైమ్ కలపాలి. అంతకంటే ముందు కలిపితే వేడికి ఎంజైమ్ పాడవుతుంది.

జాగ్రత్త: ఎండాకాలంలో గది ఉష్ణోగ్రత 35° సెం. దాటితే ఈ జెల్ గట్టిపడదు. పాత్రను కొద్ది నిమిషాలు రిఫ్రిజిరేటర్‌లో ఉంచండి. ఈ జెల్ మామూలు జెల్ కంటే సులభంగా చిరుగుతుంది కనుక మెల్లగా ఎత్తండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. 37° సెం. వద్ద ద్రవంగా ఉన్న జెల్, గట్టిపడ్డాక అదే ఉష్ణోగ్రతకు ఎందుకు కరగదు?
2. లైగేజ్‌ను ఎప్పుడు కలపాలి?

జవాబులు
1. అది గట్టిపడేది 30° సెం. లోపు, తిరిగి కరగడానికి దాదాపు 65° సెం. కావాలి.
2. కరిగిన జెల్ 37° సెం.కు చల్లారిన తరువాత.