ఇండక్షన్ పొయ్యి ఆగిపోతే ముందు వోల్టేజి చూడండి

రంజాన్ నెల మొదలైన వారంలోపే మా దగ్గరికి పొయ్యిలు రావడం మొదలవుతుంది. సహరీకి అన్నం వండుకుందామని తెల్లవారుజామున స్విచ్చి వేస్తే కూతపెట్టి ఆగిపోయిందని ఒకరు, ఇఫ్తార్ వేళకు పాలు కూడా పొంగడం లేదని మరొకరు తెస్తారు. సంస్థలో కరెంటు పని తెలిసిన మేము ముగ్గురం వాటిని బల్ల మీద పెట్టి చూస్తాం. నిజం చెప్పాలంటే చాలావాటికి ఏ జబ్బూ ఉండదు. నీళ్ళ గిన్నె పెడితే మా కళ్ళముందే మరుగుతాయి. ఇంటికి తీసుకెళ్తే మళ్ళీ అదే గోల.

కిందటేడు ఒక ఖాలా ఇలాగే వచ్చారు. భర్త పోయాక ఇంటి దగ్గరే టిఫిన్లు వేసి అమ్ముకుంటున్నారు. పొయ్యి మాటిమాటికీ ఆగిపోతుంటే బయట బాగు చేయించారు, బోర్డు మార్చారన్నారు. మళ్ళీ ఆగింది. అప్పు చేసి కొత్తది కొన్నారు. అదీ ఆగింది. "బాబూ, నా చేతిలోనే ఏదో ఉంది" అన్నారావిడ. ఆవిడ చేతిలో ఏమీ లేదు, పొయ్యిలోనూ ఏమీ లేదు. ఈ వ్యాసం రాయాలనిపించింది అందుకే.

మన ఇళ్ళకు రావలసిన వోల్టేజి 230. నిబంధనల ప్రకారం అది 6 శాతం పెరగవచ్చు, 6 శాతం తగ్గవచ్చు. అంటే సుమారు 216 నుంచి 244 వరకు ఉంటే సరఫరా సరైనదే. పొయ్యి ఇంతకంటే కొంత ఎక్కువ తక్కువలను కూడా ఓర్చుకుంటుంది. హద్దు దాటితే లోపలున్న చిన్న చిప్పు దాన్ని ఆపేసి, అద్దం మీద ఈ-1, ఈ-3 వంటి గుర్తు చూపిస్తుంది. ఈ గుర్తులు అన్ని కంపెనీలకూ ఒకటి కావు. ఒకరి ఈ-3 మరొకరికి ఇంకేదో అవుతుంది. కాబట్టి పొయ్యితో వచ్చిన చిన్న పుస్తకం పారేయకండి. పిల్లల పుట్టినతేదీ కాగితాలతో పాటు దాచమని మేం చెబుతుంటాం. నవ్వుతారు గానీ, అవసరమైన రోజున దొరికేది అక్కడే.

ఇక అసలు పాఠం. పసుపురంగు చిన్న మల్టీమీటరు ఒకటి ఉంటే చాలు. నల్ల తీగ కామ్ అని రాసిన రంధ్రంలో, ఎర్ర తీగ వోల్టు గుర్తు ఉన్న రంధ్రంలో పెట్టాలి. పది యాంపియర్ల రంధ్రంలో ఎర్ర తీగ పెట్టి సాకెట్టులో దూర్చితే మీటరు కాలిపోవడమే కాదు, చెయ్యీ కాలుతుంది. బొత్తాన్ని ఏసీ 750 దగ్గరికి తిప్పండి. మొనలకు పైనున్న ప్లాస్టిక్ భాగాన్నే పట్టుకోండి. కాళ్ళకు చెప్పులు ఉండాలి, చేతులు తడిగా ఉండకూడదు. అలవాటు లేనివారు పక్కన తెలిసినవారిని పెట్టుకోండి.

పొయ్యి పెట్టే స్విచ్‌బోర్డులోనే పక్కనున్న సాకెట్టులో కొలవండి. మొదట పొయ్యి ఆపి ఒకసారి. తర్వాత గిన్నెలో నీళ్ళు పోసి, పొయ్యి పూర్తి వేడి మీద పెట్టి ఒకసారి. ఆ వెంటనే, పొయ్యి మండుతుండగానే, మీటరు పక్కన మెయిన్ బోర్డులో ఉన్న సాకెట్టు దగ్గర కూడా ఇలాగే. మీటరు సీలు ముట్టుకోవద్దు, ఆ అవసరమూ లేదు. మొత్తం నాలుగు అంకెలు. చాలామంది ఒక్కటే కొలుస్తారు, అదీ పొయ్యి ఆపి ఉన్నప్పుడు. కరెంటు పారనప్పుడు చెడిపోయిన అతుకు కూడా మంచి అతుకులాగే కనిపిస్తుంది.

ఖాలా ఇంట్లో మేం కొలిచినవి ఇవి. వంటగదిలో పొయ్యి ఆపితే 228, వేస్తే 196. మెయిన్ బోర్డు దగ్గర ఆపితే 228, వేస్తే 223. అంటే వీధిలోంచి వచ్చే సరఫరా 5 వోల్టులే తగ్గుతోంది. వంటగది దగ్గర 32 తగ్గుతోంది. మధ్యలో 27 వోల్టులు ఇంట్లోనే ఎక్కడో మాయమవుతున్నాయి.

తీగ సన్నమై ఉంటుందా? లెక్క వేద్దాం. ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల రాగితీగ కిలోమీటరుకు సుమారు 12 ఓముల నిరోధం చూపుతుంది. మీటరు నుంచి వంటగదికి 20 మీటర్లు, రానూ పోనూ 40. అంటే అర ఓము. పొయ్యి 8 యాంపియర్లు లాగితే 4 వోల్టులు తగ్గాలి. మిగతా 23 వోల్టులు తీగ మింగినవి కావు, ఏదో ఒక అతుకు మింగినవి. 23 వోల్టులను 8 యాంపియర్లతో హెచ్చిస్తే 184 వాట్లు. రేడియో బాగుచేసే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. అలాంటివి ఏడు వెలిగించి గోడలో పెట్టి, పైన మూత బిగించినట్టు. ఆ ఇల్లు పెంకుటిల్లు. వాసాలు చెక్కవి.

మూత విప్పాం. పాత ఇంటికి వెనక వంటగది కలిపినప్పుడు పాత అల్యూమినియం తీగకు కొత్త రాగితీగను మెలిపెట్టి టేపు చుట్టారు. టేపు బొగ్గయింది. అల్యూమినియం, రాగి నేరుగా కలిస్తే తేమలో తుప్పు పడుతుంది. మన కాట్రేనికోనలో సముద్రం మీంచి వచ్చే ఉప్పుగాలి ఆ పనిని ఇంకా తొందర చేస్తుంది. బలుసుతిప్ప, పల్లం వైపు తీరాన ఉన్నవారికి ఈ మాట వేరే చెప్పనక్కరలేదు, తలుపు గడియలే సాక్ష్యం. తీరానికి దగ్గరగా ఉన్న ఇళ్ళలో ఏడాదికోసారి మెయిన్ ఆపి మరలన్నీ బిగించుకోవాలి.

ప్లగ్గు సంగతీ చూడాలి. పది నిమిషాలు వాడాక స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసి కొమ్ములు తాకండి. గోరువెచ్చగా ఉంటే సరే. వేలు పెట్టలేకపోతే సాకెట్టు వదులైంది. రెండువేల వాట్ల పొయ్యికి 16 యాంపియర్ల సాకెట్టే కావాలి. టీవీ కోసం కొన్న ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలించకూడదు.

ఇప్పుడు రెండో సందర్భం. మెయిన్ బోర్డు దగ్గర కూడా, పొయ్యి వేసినా ఆపినా, 216 కంటే తక్కువే చూపిస్తోందనుకోండి. అప్పుడు లోపం మన ఇంటిది కాదు. ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా, లైను చివర కొబ్బరితోటల్లో ఉన్న ఇళ్ళకు ఇది పాత కథే. మగ్రిబ్ వేళ ఊరంతా ఒకేసారి దీపాలు, ఫ్యాన్లు, పొయ్యిలు వేస్తారు కనుక తగ్గుతుంది. సహరీ వేళకు ఊరు నిద్రలో ఉంటుంది కనుక పెరగవచ్చు. కానీ రొయ్యల చెరువులున్న వైపు ఈ లెక్క తిరగబడవచ్చు. చెరువులో ప్రాణవాయువు తెల్లవారుజామునే బాగా తగ్గుతుంది, ఏరియేటర్లన్నీ అప్పుడే తిరుగుతాయి. అవీ మన ఇళ్ళూ ఒకే ఫీడరు మీద ఉంటే దెబ్బ మనకూ తగులుతుంది. మూడు రోజులు ఉదయం, మధ్యాహ్నం, రాత్రి వేళతో సహా అంకెలు రాసిపెట్టి 1912కు చెప్పండి, సెక్షన్ ఆఫీసులో కాగితం ఇవ్వండి. "కరెంటు బాగోలేదు" అన్న మాట కంటే "సాయంత్రం 6.30కి 188" అన్న మాటకు బలం ఎక్కువ. నలుగురు ఇరుగుపొరుగు కలిసి సంతకాలు పెడితే ఇంకా మంచిది.

ఇక్కడ చాలామంది స్టెబిలైజరు కొంటారు. లైను చివర ఇళ్ళకు అది పనికొస్తుంది, పొయ్యి వాట్లకు తగినంత పెద్దదైతే. కానీ ఇంట్లో అతుకు చెడి ఉంటే స్టెబిలైజరు మేలు చేయదు, కీడు చేస్తుంది. అది వోల్టేజి పెంచడానికి లైను నుంచి ఇంకా ఎక్కువ యాంపియర్లు లాగుతుంది. ఆ చెడ్డ అతుకు ఇంకా కాలుతుంది. పొయ్యి ఆగిపోవడమే ఇన్నాళ్ళూ ఇంటిని కాపాడిందేమో. మనమే ఆ కాపలా తీసేసినట్టవుతుంది.

మూడోది అన్నిటికంటే ప్రమాదకరం. ఒక వస్తువు వేయగానే కొన్ని దీపాలు మందగించి, మరికొన్ని మామూలుకంటే వెలిగినా, మీటరులో 260, 280 కనిపించినా స్తంభం దగ్గరో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరో న్యూట్రల్ తెగిందని అనుమానించాలి. అప్పుడు ఒక ఇంటికి తగ్గి పక్కింటికి 400 దాకా వెళ్ళవచ్చు. కొలుస్తూ కూర్చోవద్దు. మెయిన్ ఆపేసి, ఇరుగుపొరుగుకు కేకేసి, 1912కు ఫోన్ చేయండి. గాలివాన తర్వాత ఇది మరీ గమనించాలి. ఎర్తు తీగను న్యూట్రల్‌గా వాడి దీపం వెలిగించే తెలివి కొందరిది. దాన్ని తెలివి అనలేం. ఆ ఎర్తులో లోపం వస్తే ఇంట్లోని ఇనుప వస్తువులన్నిటికీ కరెంటు ఎక్కుతుంది.

నాలుగు అంకెలూ బాగుండి, కొమ్ములూ చల్లగా ఉండి, పొయ్యి మాత్రం వోల్టేజి గుర్తే చూపిస్తుంటే అప్పుడే లోపం లోపల ఉంది. ఇది పని నేర్చుకుంటున్న మన కుర్రవాళ్ళకు. ప్లగ్గు తీసి పది నిమిషాలు ఆగి, కెపాసిటర్లలో కరెంటు మిగల్లేదని కొలిచి చూసుకున్నాకే చెయ్యి పెట్టండి. లోపలికి వచ్చిన 230ని డయోడ్ల బ్రిడ్జి 325 వోల్టుల దాకా ఎక్కే డీసీగా మారుస్తుంది. వోల్టేజి ఎంతుందో చిప్పుకు చెప్పేవి లక్షల ఓముల రెసిస్టర్లు, వరుసగా రెండుమూడు ఉంటాయి. తేమకు వాటిలో ఒకటి విలువ మారితే చిప్పుకు తప్పుడు సమాచారం వెళుతుంది. ఆ రెసిస్టర్లు రూపాయల్లో దొరుకుతాయి. వాటిని చూడకుండా మొత్తం బోర్డు మార్చమనడం బీదవారి మీద భారం వేయడమే. ఫ్యూజు పోయి, పక్కనున్న గుండ్రని వేరిస్టరు నల్లబడితే పెద్ద వోల్టేజి వచ్చి వెళ్ళిందని అర్థం. రెండూ మార్చాలి. ఫ్యూజుకు బదులు తీగపోగు చుట్టకూడదు. బాగు చేశాక వంద వాట్ల బల్బును సీరీస్‌లో పెట్టి చూడండి. బల్బు నిండుగా వెలుగుతూ ఉండిపోతే లోపల ఇంకా షార్టు ఉన్నట్టే.

ఖాలా ఇంటికి మెయిన్ బోర్డు నుంచి రెండున్నర చదరపు మిల్లీమీటర్ల రాగితీగ కొత్తగా లాగి, 16 యాంపియర్ల సాకెట్టు పెట్టాం. పొయ్యి వేసి కొలిస్తే 220. పాత పొయ్యే ఇప్పుడు రోజూ ఆరుగంటలు పనిచేస్తోంది. అప్పు చేసి కొన్న కొత్త పొయ్యిని సగం ధరకు మరో ఇల్లాలు తీసుకున్నారు. మల్టీమీటరు మా దగ్గరే ఉంది. కావలసినవారు అడిగి తీసుకెళ్ళి, రెండు రోజుల్లో తిరిగి ఇవ్వండి.