తెర దిగి ఇల్లు చేరిన బొమ్మ

తెలుగువారి ఇంటికి కళ కొత్త చుట్టం కాదు. వేకువనే వాకిట కళ్లాపి చల్లి ముగ్గు పెట్టడం, గడపకు పసుపు పూసి కుంకుమబొట్లు దిద్దడం, ఎర్రమన్నుతో అలికిన అరుగుకు సున్నపు చారలు తీర్చడం, పండుగనాడు బొమ్మల కొలువు పేర్చడం – ఇవన్నీ కళలే. అయినా వాటిని కళ అని ఎవరూ పిలువలేదు. కొని తెచ్చినవి కావు కనుక వాటికి వెల లేదు. వెల లేదు కనుక పేరూ రాలేదు. పెంకుటింటి స్థానంలో అపార్టుమెంటు వెలసిన తరువాత వాకిలి కురచ అయింది, గోడలు నున్నబడ్డాయి. ఖాళీగా కనిపించే ఆ గోడను దేనితో అలంకరించాలి అనే ప్రశ్న అప్పుడు పుట్టింది. అంగట్లో దొరికే జలపాతాల పటాలు, ప్లాస్టిక్ పూలతీగలు ఆ ప్రశ్నకు సులభమైన సమాధానాలు. అంతకంటె మేలైన సమాధానాలు తెలుగునేల మీదనే ఉన్నాయని చాలామందికి ఆలస్యంగా తెలిసింది.

ధర్మవరం సమీపాన నిమ్మలకుంట అనే గ్రామం ఉంది. పూర్వం అనంతపురం జిల్లాలో ఉండిన ఈ గ్రామం 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది. ఇక్కడి కళాకారుల కుటుంబాలకు తోలుబొమ్మలాట తరతరాల వృత్తి. ఊరి నడుమ తెల్లని తెర కట్టి, దాని వెనుక దీపాలు వెలిగించి, రామాయణ భారత కథలను రాత్రంతా ఆడేవారు. పద్యాలు, పాటలు, మద్దెల మోతలతోపాటు నడుమ నడుమ కేతిగాడు, బంగారక్కల హాస్యం ప్రేక్షకుల నిద్రమత్తును వదలగొట్టేది. తరువాత సినిమా వచ్చింది. దాని వెంటనే టెలివిజన్ ప్రతి ఇంటా ప్రవేశించింది. ఆట పెట్టించేవారు కరవై బొమ్మలు పెట్టెలలోనే ఉండిపోయాయి.

తోలుబొమ్మ తయారీ ఓపికతో కూడిన పని. మేకతోలును శుభ్రం చేసి, రోమాలు తొలగించి, పలుచబడేదాకా గీకి ఆరబెడతారు. అప్పుడది వెలుతురును తనగుండా పోనిస్తుంది. దానిమీద బొమ్మ గీసి, చిన్న చిన్న ఉలులతో రంధ్రాలు పొడిచి, రంగులు వేస్తారు. హారాలు, కిరీటాలు, చీర అంచులు – వీటన్నింటికీ ఆ రంధ్రాలే ప్రాణం. పగటివేళ చేతిలోకి తీసుకొని చూస్తే అవి కేవలం చిల్లులు. వెనుక దీపం పెడితే రత్నాలు.

ఈ గుణమే ఆ వృత్తిని నిలబెట్టింది. తెర వెనుక దీపం చేసే పనిని ల్యాంప్‌షేడు లోపల బల్బు చేయగలదు. అదే తోలు, అవే ఉలులు, అదే హనుమంతుడు. ఇనుప చట్రానికి చుట్టి కుడితే దీపానికి తొడుగు అయింది. గోడకు వేలాడదీసే పటాలు, గదిని రెండుగా విభజించే తెరలు కూడా వచ్చాయి. నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ పురస్కారం లభించింది.

అయితే ఈ మార్పులో ఒక నష్టం ఉన్నది. ఆటబొమ్మకు కీళ్లు ఉంటాయి. చేయి ఎత్తుతుంది, తల ఊపుతుంది, కోపగించుకుంటుంది. దాని వెనుక ఒక గొంతు ఉంటుంది. దీపపు తొడుగు మీది హనుమంతుడు లంకకు ఎగరడు, మాట్లాడడు. ఉలి పనికి వెల కట్టేవారు ఉన్నారు గాని పద్యానికి వెల కట్టేవారు లేరు. అందువల్ల తండ్రినుండి కొడుకుకు ఉలి అందినంత తేలికగా పాట అందదు. దీపపు తొడుగులే లేకుంటే ఉలి సైతం మూలపడి ఉండేదని అనడమూ నిజమే. ఈ రెండు నిజాలలో ఒకదానికోసం మరొకదానిని దాచడం తగదు.

అనకాపల్లి జిల్లాలో వరాహనది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక కథ దీనికి భిన్నమైనది. అక్కడ అంకుడు కర్రను తరిణె పట్టి బొమ్మలు, బరిణెలు, గిన్నెలు చేస్తారు. గిరగిర తిరిగే కర్రకు రంగు కలిపిన లక్కను ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. రసాయనిక రంగులు చౌకగా దొరకడంతో ఒకప్పుడు అవే ఈ బొమ్మలను ఆక్రమించాయి. పిల్లలు నోట పెట్టుకొనే వస్తువుకు అవి తగినవి కావు. గింజలు, బెరళ్లు, వేళ్లు, ఆకులనుండి తీసిన రంగులను తిరిగి వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ లభించింది. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇక్కడ కొత్తదనమంటే పాతదానికి మరలడమే!

తెలంగాణలోని చేర్యాల నకాషీ చిత్రాలదీ ఇటువంటి ప్రయాణమే. కులపురాణాలు చెప్పే కథకుల కోసం గజాల కొద్దీ పొడవైన బట్టమీద ఎర్రని నేపథ్యంతో గీసిన పటాలవి. కథకులు తగ్గగానే పటం చిన్నదై, ఒక్క ఘట్టంతో చట్రంలోకి ఒదిగింది. చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపి చేసే ముఖాల బొమ్మలు కూడా గోడలెక్కాయి.

ఆధునిక చిత్రకారుల రచనలు సామాన్యుని ఇంటికి అందవనే భావన ఒకటి ఉంది. తోట వైకుంఠం చిత్రించిన తెలంగాణ స్త్రీలను – పెద్ద బొట్టు, నిండు రంగుల చీర, చామనఛాయ – గుర్తించని తెలుగువారు అరుదు. మూలచిత్రం వెల అందరికీ అందదు. అచ్చుచిత్రం అందవచ్చును. కె. లక్ష్మాగౌడ్ పేరు పొందిన ఎచింగ్ పద్ధతిలో లోహపు రేకుమీద గీతలను ఆమ్లంతో తొలిపించి, సిరా నింపి, తడి కాగితంమీద ఒత్తుతారు. ప్రతి ప్రతినీ చేతితోనే తీయాలి. చిత్రం కింద 5/25 అని ఉంటే తీసిన ఇరవై అయిదు ప్రతులలో అది అయిదవది అని అర్థం. పక్కన చిత్రకారుని సంతకం ఉంటుంది. యంత్రంమీద వేలకొద్దీ ముద్రించిన పోస్టరుకు, దీనికి గల తేడా తెలియనివారు రెండింటికీ ఒకే వెల ఇచ్చి మోసపోతారు.

ఇంటికి తెచ్చిన తరువాత వాటి పోషణ కూడా తెలియాలి. సహజవర్ణాలు నేరుటెండకు వెలిసిపోతాయి. లక్కబొమ్మను తడిబట్టతో కాక పొడిబట్టతో తుడవాలి. తోలు చెమ్మకు చెడుతుంది, వేడికి ముడుచుకుంటుంది. కనుక ల్యాంప్‌షేడులో తక్కువ వేడినిచ్చే ఎల్.ఇ.డి. బల్బు పెట్టడం మంచిది. కొనే సమయంలో మాత్రం వెలతోపాటు మరొకటి అడగదగినది ఉన్నది: ఆ బొమ్మ ఏ కథలోది, ఏ ఘట్టంలోది అని. చేసిన చేతులే అమ్ముతున్నచోట జవాబు దొరుకుతుంది. ఆట ఆడించిన ముసలివారు అక్కడ ఉంటే ఆ జవాబు పద్యరూపంలో రావడమూ కద్దు.