తేనెటీగ పాళీ చూసి మందు కొట్టండి

1. ముంబైలో ఉన్నా మనం రైతులమే.
హైదరాబాద్ సంస్థానం నుంచి తాపీపనికి, మట్టిపనికి వచ్చిన కామాఠీల పేరు మీదనే కామాఠీపురా వెలిసింది. మిల్లుల కాలంలో వర్లీ, లోయర్ పరేల్ చాళ్లు కూడా మనవాళ్లతో నిండాయి. అయినా ఊళ్లో ఎకరమో రెండెకరాలో చాలామంది వదులుకోలేదు. కౌలుకిచ్చో, తమ్ముడి చేతిలో పెట్టో, పురుగుమందుకు ఇక్కడి నుంచి డబ్బు పంపుతాం. దిగుబడి ఎంతని ఫోన్‌లో అడుగుతాం గానీ, మందు ఏ వేళకు కొట్టారని ఎవరం అడగం.

2. తేనెటీగకూ పాళీ ఉంటుంది.
1982 సమ్మె దాకా మిల్లులో చేసినవాణ్ని, పాళీ అంటే ఏమిటో నాకు తెలుసు. పొద్దున ఎనిమిది నుంచి పదకొండు దాకా ఈగలు పూల మీద ముమ్మరంగా ఉంటాయి. ఎండ ముదరకముందే ముగిద్దామని మన కూలీ పంపు వీపుకెత్తుకునేదీ సరిగ్గా అప్పుడే. పూత మీదున్న పైరుకు సాయంత్రం నాలుగు దాటాకే కొట్టమని వ్యవసాయాధికారులు ఏళ్లుగా చెబుతున్నారు. ఖర్చు లేని మాట, అందుకేనేమో ఎవరికీ పట్టదు.

పొద్దుతిరుగుడు వేసినవాళ్లకు ఇది బాగా తెలుస్తుంది. శనగపచ్చ పురుగు కోసం పూత మీద కొడితే పురుగుతో పాటు ఈగా పోతుంది. పువ్వు తాంబాళమంత ఉంటుంది, నడిమధ్యన అన్నీ తాలు గింజలే. ఈగలు తక్కువైతే చేతికి పల్చటి గుడ్డ చుట్టుకుని, పొద్దున పూట, రోజు విడిచి రోజు పువ్వు పువ్వునూ రుద్దమంటారు. ఎకరం రుద్దడానికి ఎంత కూలి అవుతుందో లెక్క వేసుకోండి. ఈగ ఇన్నాళ్లూ ఆ పని ఉత్తపుణ్యానికి చేసిపెట్టింది.

3. పత్తి చేను మోసం చేస్తుంది.
ఈగ రాకున్నా పత్తికి కాయ పడుతుంది కాబట్టి రైతుకు నష్టం కనపడదు. గట్టు మీది గుమ్మడి, దోస పిందెలు పసుపెక్కి రాలుతుంటే నీళ్లు చాలలేదనుకుంటాడు. 2002లో బీటీ పత్తి వచ్చాక కాయతొలిచే పురుగు తగ్గింది, రసం పీల్చే పురుగులు పెరిగాయి. వాటి కోసం విత్తనానికే ఇమిడాక్లోప్రిడ్ పట్టించి, రంగు పూసి అమ్ముతారు. అది మొక్కలోకి ఎక్కుతుంది, పైమందుగా కొడితే పుప్పొడిలోకి, మకరందంలోకి కూడా చేరుతుంది. ఈగ అక్కడికక్కడ చావకపోయినా తుట్టెకు దారి తప్పుతుంది. ఈ మందునూ, దాని సాటివి మరో రెండింటినీ ఆరుబయట పొలాల్లో వాడొద్దని ఐరోపా సమాఖ్య 2018లో నిషేధించింది. మన దగ్గర ఉద్దెరకు దొరుకుతుంది. ఏ మందు, ఎంత అన్నది దుకాణదారే చెబుతాడు, పాత బాకీ ఉన్నవాడు ఎదురు చెప్పలేడు.

4. అన్నీ మందు నెత్తిన రుద్దొద్దు.
1991, 92 ప్రాంతంలో థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ తెగులు దక్షిణాదిలో పెట్టెల్లో పెంచే దేశవాళీ ఈగల్ని దాదాపు తుడిచిపెట్టింది. గట్ల మీది చెట్లు కొట్టేసి ఈగకు తిండి లేకుండా చేసింది కూడా మనమే.

5. చాల్ గోడకు పట్టు పడితే.
అది కొండ తేనెటీగ. పెట్టెలో ఇమడదు, పూత అయిపోగానే తానే లేచిపోతుంది. పిల్లలు రాళ్లు వేయకుండా చూసుకుంటే, మనుషులు తిరగని చోట ఆ కొన్ని నెలలూ ఓర్చుకోవచ్చు. వాకిలి పైనే పడిందా, మందు కొట్టేవాణ్ని కాకుండా బతికుండగానే తరలించేవాణ్ని వెతకండి. పుణెలో 1962 నుంచి కేంద్ర తేనెటీగల పరిశోధన, శిక్షణ సంస్థ ఉంది, అక్కడ అడగండి. ఎవరైనా ముందే మందు కొట్టించేస్తే, రాలిన పట్టులోని తేనె నోట పెట్టొద్దు. పిల్లలు ఎగబడతారు, వాచ్‌మన్‌కు చెప్పి వెంటనే పాతిపెట్టించండి.